మల్లె కుండీలూ బంతి తోరణమూ

పంతొమ్మిదొందల ఇరవైల్లో, రంగూనులో, నేను అసూయతో బక్కచిక్కిపోయాను. తిండి బాగానే తినేవాణ్ణి. గోనె తెరకు అవతల మా తోడల్లుడు అదే తిండి తిని నున్నగా ఉండేవాడు, అందువల్ల నాకు ఒంటపట్టేది కాదు.

అహ్లోన్ పేటలో, బియ్యం మిల్లు పనివాళ్ల ఇళ్ల లైన్లలో మా రెండు జంటలకూ కలిపి ఒకటే గది. మధ్యలో గోనెసంచులు విప్పి కుట్టిన తెర. అక్కాచెల్లెళ్లు దాని కిందనుంచి కూర గిన్నెలు మార్చుకునేవారు. మేమిద్దరం దగ్గులు మార్చుకునేవాళ్లం. మా మావ మిల్లు దొరగారి బంగళాలో పెద్ద మాలీ, మేం ఆయన చేతికింద మాలీలం. ఎండాకాలంలో ఓడెక్కి ఊరెళ్లిపోతానని ఆయన చెప్పిన రోజునుంచీ, బంగళా వెనక పెద్ద మాలీకి ఇచ్చే ఇటుక గది నా కళ్లముందు తిరగడం మొదలెట్టింది. దానికి కిటికీ ఉంది. తలుపుకి గొళ్లెం కూడా ఉంది.

తింజాన్ నీళ్ల పండగ దాటాక, వానలు పడకముందే తోటలో విందు పెట్టాలని దొరసాని మాఘమాసంలోనే అనుకుంది. మెట్లకు రెండు పక్కలా కుండీలు, ఆ రోజుకి అన్నీ పూసి ఉండాలి. మావ మాకు చెరో పక్క పంచాడు.

"ఆయమ్మ ఎవుడి పక్క సూసి నవ్వుతాదో ఆడే పెద్ద మాలీ. నానేటీ సెప్పను," అన్నాడు.

"ఎవుడి పక్కా నవ్వకపోతే, మావా?"

"అప్పుడు గదిలో మేకని కట్టుకుంతారు."

తోడల్లుడు బంతి గింజలు నాటాడు. బంతి ఎవరు నాటినా పూస్తుంది, ఎవరూ నాటకపోయినా పూస్తుంది. నేను మల్లె ఎంచుకున్నాను. మల్లెకి విద్య కావాలి. ఆకులన్నీ దూసేసి, నీళ్లు ఆపి, ఇక చావే గతి అని మొక్క నమ్మాక నీళ్లు పోస్తే ఒళ్లంతా మొగ్గ తొడుగుతుంది.

"ఎండు పుల్లలకి నీల్లోస్తన్నావేటి, తమ్ముడూ?" అని తోడల్లుడు జాలిగా అడిగాడు. అతని జాలే నన్ను ఎక్కువ కాల్చేది.

"పెల్లికి ముందు గుండు గీయించుకున్నాయి అన్నా. జుట్టొచ్చాక సూడు."

విందు ఇంకా పది రోజులుందనగా అతని బంతి విరగబూసింది, ఒక్కో పువ్వూ లడ్డంత. దొరసాని రోజూ ఆ పక్కే ఆగేది. నేను నా మొగ్గల్ని వదిలేసి అతని పూలకేసే చూస్తూ కూర్చునేవాణ్ణి.

"బావ పువ్వుల్ని అలా సూడకు, దిష్టి తగుల్తాది," అంది మా ఆవిడ.

"తగలాలనే సూస్తన్నాను."

తగల్లేదు. అందుకని విందు నాడు పొద్దున్నే అతని పక్కన చేరి మెల్లగా అన్నాను: "అన్నా, ఇంటికి సుట్టాలొచ్చినప్పుడు గుమ్మానికి బంతి తోరణం లేకపోతే మనోల్ల పరువేటవుతాది?"

అతను నమ్మే మనిషి. "నిజివే తమ్ముడూ, నాకు తట్టనేదు," అన్నాడు. మధ్యాహ్నానికి అతని కుండీల్లో ఒక్క పువ్వు లేదు. అక్కాచెల్లెళ్లు తోరణం గుచ్చుతుంటే దారం రెండో కొస నేనే భక్తిగా పట్టుకున్నాను.

నాలుగున్నరకి అతిథులొచ్చారు. అతని పక్క బోడి మొక్కలు. నా పక్క వేల మొగ్గలు, ఒక్కటీ విచ్చుకోలేదు. మా వాళ్లు మల్లెమొగ్గని మధ్యాహ్నమే కోసేస్తారు, జడలో పెట్టాకే అది విచ్చుకుంటుంది. మొక్కమీద ఎన్నింటికి విచ్చుకుంటుందో నేను పుట్టాక చూసి ఎరగను. మా ఆడవాళ్లు ఏ మొగ్గనీ అందాకా ఉంచలేదు.

దొరసాని తోరణం కింద నిలబడి, తలెత్తి చూసి, నవ్వింది. అతిథులందరినీ అక్కడే నిలబెట్టి ఫొటో తీయించింది. ఎవరు కట్టారని అడిగితే మావ తోడల్లుణ్ణి చూపించాడు. ఆ ఆలోచన నాదని చెబుదామనుకున్నాను. ఎందుకొచ్చిందని అడుగుతారేమోనని ఊరుకున్నాను.

చివరి మోటారు గేటు దాటాక, పొద్దు వాలుతుండగా, నా కుండీలన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి. రోడ్డుదాకా వాసన. దొరగారి కుక్క వచ్చి తుమ్మి వెళ్లింది.

మూడో రోజున మావ ఓడెక్కాడు, తోడల్లుడు వాళ్లు ఇటుక గదికి మారిపోయారు. మా ఆవిడ గోనె తెర దించి మడత పెట్టింది.

"గదంతా మనకే గదా. ఇంకా మొకం అలాగెట్టినావేటి?"

"ఆల గదికి కిటికీ ఉంది."

మర్నాడు కొత్త పెద్ద మాలీ నా దగ్గరికి వచ్చాడు. ఎప్పటిలాగే ఆప్యాయంగా.

"రెండు మల్లె కుండీలు మా కిటికీ కింద ఎట్టు తమ్ముడూ. మీ వదినకి వాసనంటే ఇష్టం."

పెట్టాను. ఆ ఎండాకాలం అయ్యేదాకా రోజూ మధ్యాహ్నం రెండింటికే వెళ్లి, మొగ్గలన్నీ కోసి, మా ఆవిడకి తెచ్చి ఇచ్చేవాణ్ణి.