చేటలో పోసిన కేసు

చాప మీద ఇంకా చోటుంది, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. చూసింది చూసినట్టు చెప్పడం మాత్రం వచ్చు.

తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో నన్ను రాయదుర్గం, కొండాపూర్ వైపు చూసే ఆబ్కారీ స్టేషనుకు వేశారు. అప్పటికి నేను కానిస్టేబుల్‌ని. హైటెక్ సిటీ చుట్టూ ఇన్ని అద్దాల మేడలు అప్పుడు లేవు. ఎటు చూసినా బండలు, ఆ బండల్ని పగలగొట్టే పాలమూరు కూలీలు, వాళ్ళ రేకుల గుడిసెలు. మా ఎస్సై శేషగిరి గారిది కోస్తా. పట్టుబడ్డవాణ్ణి కూడా 'అండి' అని పిలిచేవారు. మావాళ్ళు చాటున నవ్వుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే కబురు అందితే మైసయ్య అనే రాళ్ళు కొట్టే మనిషి గుడిసె సోదా చేశాం. మూలన ఒక గోనెసంచి, దాని నిండా ఎండిన ఆకు. ఆ వాసన మాకు కొత్త కాదు. మైసయ్య రేకు గోడవారకు జరిగి నిలబడ్డాడు. అతని భార్య నర్సమ్మ మాత్రం గడపకు అడ్డం వచ్చింది.

"అది మందు సారూ! దినమంత సుత్తె కొడ్తె రెక్కలు గుంజుతయి. మిరియాలేసి నూరి ఇంత తాగి పంటడు. అమ్మెటోడైతె గీ రేకుల కింద ఎందుకుంటడు?"

మా స్టేషన్లో అలవాటైన పద్ధతి ఒకటుండేది. సంచిని అలాగే ఎత్తి కాటా మీద పెట్టడం, ఆకు, కాడ, గింజ అన్నీ కలిపి మొత్తం బరువును గంజాయి అని రాసేయడం. అలా రాస్తే మనిషి నేరుగా జైలుకు పోతాడు. మత్తుపదార్థాల చట్టం కింద బెయిలు దొరకడం అంత తేలిక కాదు. పైగా పెద్దపెద్దవాళ్ళు వచ్చిపోయే చోటని, కేసులు కనిపించాలని మా ఇన్‌స్పెక్టర్ గారు తొందరపెడుతున్న రోజులవి.

శేషగిరి గారు కాటా దించనివ్వలేదు. "ముందు ఒక తెల్ల దుప్పటి, ఒక చేట తెప్పించండి" అన్నారు.

ఎందుకో మాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. చట్టం 'గంజాయి' అని పిలిచేది ఆ మొక్క పూత పట్టిన కొసల్ని, కాయ పట్టిన కొసల్ని. ఒట్టి ఆకు, ఒట్టి గింజ దాని కిందికి రావు. అయితే ఆకుతోపాటు ఆ కొసలు కూడా ఉంటే మాత్రం ఆకూ లెక్కలోకి వస్తుంది. అంటే ఆ సంచిలో పూత కనబడితే మైసయ్య జైలుకు, కనబడకపోతే పనికి.

సోదాకు సాక్షులుగా ఉండేవాళ్ళను పంచులంటాం. ఆ రోజు ఇద్దరు దొరికారు. ఒకరు రోడ్డు మీద చాయ్ హోటలు నడిపే యాదగిరి. రెండోవాడు కొండాపూర్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటున్న కిరణ్ అనే కంప్యూటర్ ఇంజనీరు. వాళ్ళ కళ్ళముందే ఎస్సై గారు చొక్కా చేతులు మడిచి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చేటెడు చేటెడు పోసుకుని ఏరసాగారు.

యాదగిరికి ఓపిక లేదు. "గీ ఏరుడేంది సార్? గంజాయంటె గంజాయే. మా గల్లీల పోరగాళ్ళు గిట్లనే ఖరాబైతున్రు. లోపలెయ్యుండ్రి."

కిరణ్ ఊరుకోలేదు. "అసలు నిషేధమే తప్పండి. మొన్నటిదాకా బ్రాందీ తాగితే నేరమన్నారు, ఇప్పుడు సర్కారే లైసెన్సిచ్చి అమ్మిస్తోంది. దీనికీ అలాగే చేస్తే దొంగ వ్యాపారం పోతుంది కదా?"

"నీకింక పెండ్లి గాలె తమ్మీ. పోరడు పుట్టినంక చెప్పు గీ మాట."

అందరం నవ్వాం. ఎస్సై గారు తలెత్తకుండానే, "మీ ఇద్దరి వాదనా ఢిల్లీలో తేలాలండి. ఇక్కడ తేలాల్సింది ఈ చేటలోది" అన్నారు.

నర్సమ్మకు భయంలోనూ మాట ఆగలేదు. "గా సారును జూడుండ్రి, కొత్తకోడలు బియ్యంల రాళ్ళేరినట్టు ఏరుతుండు!"

"ఏరకపోతే పంటి కింద పడేది మీ ఆయనకే కదమ్మా" అన్నారాయన.

సంచి అడుగుకు వచ్చాక ఒక ముద్ద దొరికింది. గుత్తిగా, చూడటానికి అచ్చం పూతలాగే ఉంది. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్సై గారు జేబులోంచి భూతద్దం తీసి, ఆ ముద్దను పొర పొరగా విప్పారు. లేత ఆకులు ఎండి కాడకు చుట్టుకుపోయి ఉన్నాయి, అంతే. అద్దాన్ని పంచులిద్దరికీ ఇచ్చి, సందేహం తీరేలా చూడమన్నారు. "పూత గాదు సార్" అని ముందు అన్నది యాదగిరే.

చూసిందంతా పంచనామాగా రాసి, పంచుల సంతకాలు తీసుకునేసరికి ఇన్‌స్పెక్టర్ గారి జీపు వచ్చింది. ముందు రిమాండుకు పంపండి, లాబ్ రిపోర్టు వచ్చాక చూద్దాం అన్నారాయన. శేషగిరి గారు లేచి సెల్యూట్ చేసి, "లేనిదాన్ని ఉందని రాయలేను సార్. చూసింది పంచనామాలో రాశాను. శాంపిల్‌కు లక్కముద్ర వేసి పంపుతాను. తేడా వస్తే బాధ్యత నాది" అన్నారు.

"సంతకం నీది, ఉద్యోగం కూడా నీదే శేషగిరీ" అని జీపెక్కి వెళ్ళిపోయారు ఇన్‌స్పెక్టర్ గారు.

ఆకు జప్తయింది. పిలిస్తే రావాలన్న షరతు మీద మైసయ్య ఇంటి దగ్గరే ఉన్నాడు. రిపోర్టు వచ్చేదాకా స్టేషన్లో ఎవరూ ఎస్సై గారితో సరిగా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ వచ్చినట్టే వచ్చి, పని చేసుకుని వెళ్ళేవారు. చివరికి రిపోర్టు వచ్చింది. ఒట్టి ఆకే.

మెత్తని మనిషి, అందుకే వదిలేశాడని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. తర్వాత వానాకాలంలో హఫీజ్‌పేటలో ఒక పలుకుబడి గల వ్యాపారి ఇలాంటి సంచులతోనే దొరికాడు. ఎస్సై గారు అదే దుప్పటి పరిపించారు, అదే చేట తెప్పించారు. ఈసారి చేట నిండా పూతే. వదిలేయమని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. అందరికీ ఆయన చెప్పిన జవాబు ఒక్కటే: "చూసింది రాశానండి." కోర్టులో వాళ్ళ వకీలు ఎంత గుంజినా ఆ కేసులో ఒక్క పోగు ఊడలేదు.

ఈ చట్టం ఉండాలా, మారాలా అని జనం వాదించుకుంటూనే ఉన్నారు, వాదించుకోవాలి కూడా. అది తేలేదాకా పట్టుకునేవాడు చట్టంలో రాసినంతే చేయాలి. గింజంత ఎక్కువ వద్దు, గింజంత తక్కువ వద్దు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న పని ఇదే. నేను రిటైరయ్యేదాకా మా సోదా జీపులో ఒక చేట ఉండేది.

మీ ఇంటి చేటలో ఎప్పుడూ బియ్యమే నిండుగాక. మీ గడపకు ఏ అధికారి వచ్చినా, కూర్చుని ఏరి చూసేవాడే వచ్చుగాక.