మి, పి కలిస్తే బ

పెళ్లయిన నాటి నుంచీ మొగుడి కళ్లు పొలిక్సేనివే. అనెస్తిస్‌కు చదువు రాదు. బడికెళ్లే ఈడులో యుద్ధం వచ్చింది, బడి కాలిపోయింది, ఆయన మేకల వెంట పడ్డాడు. గ్రీసులోని కిల్కిస్ ఊరి సంతలో ఆయన కూరగాయలు అమ్మితే, బుట్టల మీద నిలబెట్టే పలకల మీద పేర్లు ఆమె రాసేది. మందుల చీటీ ఆమె చదవాలి, బస్సు బోర్డు ఆమె చదవాలి. పొద్దున్నే కాఫీ దగ్గర, "చదవవే పొలిక్సేనీ, లోకం ఎక్కడిదాకా వచ్చిందో చూద్దాం" అంటూ ఆయన పేపరు ముందుకు తోస్తే, విసుక్కుంటూనే చదివేది. ఆ విసుగులో ఎంత తీపి ఉందో ఆ వేసవిదాకా ఆమెకు తెలియలేదు.

ఆ వేసవిలో వీధి చివరి ఇంట్లో అగ్లాయా దిగింది. సలోనికా పట్నంలో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషి, మొగుడు పోయాడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ మడత చెదరని నల్ల గౌను. ఆమె ద్రాక్షపందిరి సరిచేసి వస్తానని అనెస్తిస్ వెళ్లాడు. మర్నాడూ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు.

"ఎంత పందిరక్కా అది? ఊరంతటికీ నీడేమో!" అంది పక్కింటి థియానో, నవ్వు బిగబట్టుకుని.

పొలిక్సేని చేతికున్న పిండి కూడా కడుక్కోకుండా బయల్దేరింది. అగ్లాయా వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. మధ్యలో పిల్లల వాచకం.

"మ్... ప్... ఆ. మ్‌పా..." మొగుడి గొంతు తడబడుతోంది.

"విడివిడిగా పలక్కండి అనెస్తీ. మి అక్షరం పక్కన పి అక్షరం కనబడిందా, ఇద్దరూ కలిసి వచ్చారన్నమాట. ఇద్దరికీ ఒక్కటే గొంతు. పెదాలు మూసి, ఒక్కసారి వదలండి. బ."

"బ... బా... బామ్యెస్! ఓరి దీని దుంపతెగ, బెండకాయలు! ఇన్నేళ్లుగా అమ్ముతున్నవేగా!"

ఆయన నవ్వాడు. పెళ్లి కొత్తలో నవ్విన నవ్వు అది.

పొలిక్సేని పట్టుకుందామని వచ్చింది వేరే. అదే కనబడి ఉంటే జుట్టు పట్టుకు ఈడ్చేది, గుండెలు బాదుకునేది, వీధంతా తన వైపు ఉండేది. దీనికి ఎవరి జుట్టు పట్టుకోవాలి? అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వచ్చేసింది.

సాయంత్రం ఆయన ముందు పళ్లెం టపీమని పెట్టింది. "మనింట్లో అక్షరాలు లేవా? పరాయి కొంపలో అడుక్కోవాలా?"

ఆయనకు అర్థమైంది. "పెళ్లయిన కొత్తలో నిన్నే అడిగానుగా. నేను మ్‌పా అంటే పడీపడీ నవ్వావు. చాలక మీ అమ్మను పిలిచి మళ్లీ అనిపించావు."

"ఎప్పటి మాటయ్యా అది! ఇప్పుడు నేనే నేర్పుతా."

"వద్దులేవే. నీ ముందు నోరు పెగలదు నాకు."

ఆ మాట ఆమెకు అన్నంలో రాయిలా తగిలింది. మర్నాడు పేపరు చదవనంది. ఆయన బతిమాలలేదు. పేపరు తనవైపు తిప్పుకుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. ఆమెకు అగ్లాయా మీదే కాదు, ఆ కాగితం మీద కూడా ఒళ్లు మండింది.

సంతకు ముందురోజు పలకలు రాయడానికి కూర్చుంది. మామూలుగా తెల్ల సుద్దతో గీకి పడేసేది. ఈసారి జంటగా ఒకే గొంతు పలికే అక్షరాలను మాత్రం ఎర్ర సుద్దతో రాసి, రెంటినీ కలుపుతూ పైన విల్లులా ఒక గీత గీసింది. ని, తాఫ్ కలిస్తే ద. రెండు గామాలు పక్కపక్కన వస్తే ంగ. ఆ టీచరమ్మ ఇలా రంగులు వేసి చూపించిందా? చూద్దాం!

సంతలో అనెస్తిస్ బుట్టల ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేలు ఎర్ర గీత మీదుగా జరిగింది. తర్వాత గొంతెత్తాడు. "దొమాతెస్! అంగూరియా! రండమ్మా, టమాటాలు, దోసకాయలు! చదివి మరీ అమ్ముతున్నా!"

పక్క దుకాణాలవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి తిరిగి భార్యను చూశాడు. "ఈ గీత భలే పెట్టావే" అన్నాడు. ఆమె టమాటాలు తుడుస్తూ మొహం తిప్పుకుంది, నవ్వు కనబడకుండా.

అయినా ఆయన అగ్లాయా ఇంటికి వెళ్లడం మానలేదు. దాంతో పొలిక్సేని కూడా అల్లిక సంచీ తీసుకుని వెంట వెళ్లసాగింది. మూల కుర్చీలో కూర్చుని, అగ్లాయా నోరు తెరవకముందే దిద్దేది. "కప్పా పక్కన గామా ఉందయ్యా, కళ్లు పెట్టి చూడు!"

"గామా పక్కన కప్పా అండి" అనేది అగ్లాయా మెల్లగా.

"అదే, అదే!"

చలికాలానికి ఆయన దుకాణాల బోర్డులు చదివేశాడు. ఒకరోజు పరుగున ఇంటికొచ్చాడు. "పొలిక్సేనీ! స్తంభం మీద చావు కాగితం అంటించారు. చెప్పులుకుట్టే లాజారోస్ పోయాడు! ఊళ్లో అందరికన్నా ముందు నేనే చదివా!"

"పోయినవాడి మీద కాస్త జాలన్నా పడవయ్యా" అందామె. నమ్మకం లేక వెళ్లి చూసింది. ఒక్క అక్షరం కూడా తప్పు చదవలేదు.

అంత్యక్రియల దగ్గర థియానో అడిగింది. "మీ ఆయనకు ఈ వయసులో చదువెలా వచ్చిందక్కా?"

"ఇంకెవరు, నేనే నేర్పా" అంది పొలిక్సేని.

వెనక వరుసలో ఉన్న అగ్లాయాకు ఆ మాట వినబడింది. ఆమె తల వంచి కొవ్వొత్తి వెలిగించింది. కాదని ఒక్క మాట అన్నా బావుండేది. అనకపోయేసరికి పొలిక్సేనికి ఆమె అంటే మునుపటికన్నా మంట పుట్టింది.