పెరిగే ఎముక

దొనకొండ దగ్గర ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా నాకది తొమ్మిదో ఏడు. ఆ రోజు పదిన్నరకు ఇంజక్షన్లు వేస్తుంటే ట్రేలో సీసాలు గలగలమన్నాయి. కాళ్ళ కింద నేల కదిలి ఆగింది. రెండు మూడు సెకన్లు, అంతే. అందరం బయటికి పరిగెత్తి, ఏమీ కాలేదని ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

గంట తర్వాత ఒక ఆటో వచ్చింది. ఏడేళ్ళ కూతుర్ని చేతుల మీద వేసుకుని ఒకాయన దిగాడు. కూలిపని చేసుకునే మనిషి. భార్య మిరపకోతలకు గుంటూరు వైపు పోయి ఉంది. ఇంటి పక్క రాతిగోడ కూలి బిడ్డ ఎడమకాలు మోకాలి దాకా రాళ్ళ కింద ఇరుక్కుపోయిందట. ఊరివాళ్ళు రాళ్ళన్నీ తీసేసరికి అరగంట పట్టిందట.

చర్మం పెద్దగా తెగలేదు. కానీ పిక్క బిగుసుకుపోయి, నొక్కితే చెక్కలా ఉంది. కాలివేలు కొంచెం కదిలించానో లేదో, “వద్దని చెప్పు నాయనా!” అని పాప కేక పెట్టింది.

మా డాక్టరు కొత్తగా చేరిన అమ్మాయి. నన్ను పక్కకు పిలిచింది. “లోపల వాపుకి రక్తం ఆడటం లేదు సిస్టర్. పిక్కను నిలువునా కోసి ఒత్తిడి తియ్యాలి. ఆలస్యమైతే కండ చచ్చిపోతుంది. ఇక్కడ మనవల్ల కాదు.”

అంబులెన్స్ అప్పుడే ఒక కాన్పు కేసును తీసుకుని వెళ్ళింది. ఫోన్ల మీద ఫోన్లు చేశాం. ఆటోలో పంపుదామంటే కుదుపులకు భయం, పంపకపోతే ఇంకో భయం. పన్నెండు దాటాక పాప ఏడుపు ఆపింది.

“నొప్పి తగ్గినట్టుందక్కా, నిద్రపోతాంది” అన్నాడు ఆయన, నా వైపు ఆశగా చూస్తూ.

పాదం ముట్టుకున్నాను. చల్లగా ఉంది. నొప్పి తగ్గడం మంచిది కాదని ఆయనతో చెప్పలేకపోయాను.

ఒంటిగంటకు అంబులెన్స్ వచ్చింది. డాక్టరు నన్ను కూడా వెళ్ళమంది. పట్నంలో పెద్దాసుపత్రికి రెండు గంటల దారి. ఆయన బిడ్డ తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తూనే ఉన్నాడు. నేను పాదం మీద నాడి కోసం వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

అక్కడ వెంటనే కోశారు. లోపల కండ అప్పటికే నల్లబడిందట. ఐదో రోజు మోకాలి కింద కాలు తీసేశారు.

నేను చూడబోతే, ఆయన వార్డు బయట కూర్చుని ఉన్నాడు.

“ఆ గోడ నేనే కట్టినానక్కా. ఉత్త మట్టితోనే పెట్టినా. భూకంపాలు మనకెందుకొస్తాయి అనుకుంటిని” అన్నాడు. “ప్రాణనష్టం గానీ ఆస్తినష్టం గానీ లేదని టీవీలో చెప్పినారంట. అట్లెట్ల చెప్పినారక్కా?”

ఆయన పక్కన కాసేపు కూర్చుని వచ్చేశాను.

పాపకు ప్లాస్టిక్ కాలు పెట్టారు. బడికి పోతోందని విని సంతోషించాను. ఏడాది తిరక్కముందే కట్టు కట్టించుకోవడానికి మా దగ్గరికి వచ్చారు. కాలు తీసేసిన చోట చర్మం ఎర్రబడి, లోపలి నుంచి ఏదో గుచ్చుతున్నట్టు పైకి లేచి ఉంది.

డాక్టరు చూసి, “చిన్నపిల్లల్లో కోసిన ఎముక మళ్ళీ పెరుగుతుంది. చివర అరగదీయాలి” అంది.

“మళ్ళీ కోస్తారా?” అని పాప నన్నే అడిగింది.

“ఒక్కసారే తల్లీ.”

అబద్ధం. ఎదిగే వయసు దాటేదాకా ఎన్నిసార్లు కోయాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు. మొన్నటి ఎండాకాలంలో రెండోసారి అరగదీశారు. పాత కాలు పట్టక కొత్తదానికి కొలతలిచ్చారు.

పోయిన నెల పాప మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పదేళ్ళు. బల్ల మీద కూర్చుని, బెల్టు తానే విప్పి, కాలు తీసి పక్కన పెట్టింది. కోసిన చోట చర్మం మళ్ళీ ఎర్రగా ఉంది. నేనేమీ అనకముందే, “నువ్వు చెప్పొద్దులే అక్కా, నాకు తెలుసు” అంది. కట్టు కట్టడం అయ్యేదాకా కిటికీలోంచి రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.