హజ్‌కు ముందు అడిగిన మన్నింపు

ఆంట్వెర్ప్‌లోని మా బోర్గర్‌హౌట్ పేటలో యమీనాను చాలాకాలం "కార్డు పారేసుకున్నది" అనే అన్నారు. ఆమె పనిచేసే రొట్టెల దుకాణంలోనూ వదల్లేదు. "జీతం జాగ్రత్తే యమీనా, అదీ పారేయగలవు" అని నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆ మాటను పేటలో ఎవరు పుట్టించారో ఆమెకు తెలుసు.

ఆ వేసవిలో కుటుంబమంతా కారులో మొరాకో వెళ్లి, తిరుగు ప్రయాణంలో నాదోర్ రేవుకు చేరుకుంది. పాస్‌పోర్టులు, బెల్జియం నివాస అనుమతి కార్డులు అన్నీ ముందు సీట్లో కూర్చున్న ఆడపడుచు లూయిజా సంచిలోనే ఉన్నాయి. మా వాళ్లందరి కార్లలోనూ అదే అలవాటు. ఎవరి సంచి వారు వెతుక్కుంటూ కూర్చుంటే వెనకవాళ్లు హారన్ మోగించి చంపుతారు. పోలీసు అన్నీ తిరగేసి, "ఈమె కార్డేది?" అన్నాడు.

లూయిజా వెనక్కి తిరిగింది. "వచ్చేటప్పుడు ఓడ దిగగానే నీకిచ్చేశాగా! నిద్రమత్తులో ఎక్కడ పడేశావే?"

నూనె డబ్బాలు, బాదం మూటలు దింపి వెతికారు. కార్డు దొరకలేదు; అది లేనిదే ఓడ ఎక్కనివ్వరు. భర్త అల్లాల్ అక్కవైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"సోమవారం డ్యూటీకి పోకపోతే ఉద్యోగం ఊడుతుంది. నువ్వు ఇక్కడే ఊళ్లో అమ్మ దగ్గరుండు. కాగితాలు నేను పంపిస్తాలే."

"అంతా దేవుడి నిర్ణయం. అమ్మకీ తోడు దొరికింది" అంది లూయిజా, కిటికీ అద్దం ఎత్తుతూ.

న్యాయంగా చెప్పాలంటే, ఆనాడు యమీనా దగ్గర రుజువేదీ లేదు. ఓడలో ఆమె నిద్రపోయిన మాట నిజం. కార్డు తీసుకుని మరచిపోయానేమోనని కొన్నాళ్లు తననే తిట్టుకుంది. రుజువు అత్తగారు మీమూన్ నోట వచ్చింది, అదీ బార్లీ గంజి తాగుతూ, ఏ పాపమూ ఎరుగకుండా.

"నీ చేతి గంజితో ప్రాణం లేచొచ్చిందే తల్లీ. లూయిజా మాట నిలబెట్టుకుంది."

"ఏం మాట అత్తమ్మా?"

"రంజాన్‌లో ఫోన్ చేసి చెప్పింది గదా, ఈ వేసవికి యమీనాను నీ దగ్గరే వదిలేస్తానమ్మా అని. నీకు చెప్పలేదూ?"

యమీనా గిన్నె కడిగి బోర్లించింది. రంజాన్ నాటికి ఆ ప్రయాణం ఇంకా నెలల దూరంలో ఉంది. కార్డు పోతుందని ముందే తెలిసింది దాన్ని పోగొట్టదలచిన మనిషికే. ముసలామెను ఆమె ఒక్క మాట అనలేదు. ఉన్నన్నాళ్లూ గంజి కాచిపెడుతూనే ఉంది.

పోలీసు ఫిర్యాదు, తిరుగు వీసా, ఆంట్వెర్ప్ నగర కార్యాలయం ధ్రువీకరణ ఒక్కొక్కటే కదిలాయి. అల్లాల్ సంతకం మాత్రం రేపు, ఎల్లుండి అంటూ ఆగింది. "మా అన్నయ్య మసీదు గుమ్మంలో నిలబడి అందరి ముందూ అడుగుతాడు, సంతకం అక్కడే పెడుదువుగాని" అని ఆమె ఫోన్‌లో చెప్పాక వచ్చింది. చలికాలంలో యమీనా విమానం దిగింది. దుకాణంలో గల్లా దగ్గరి చోటు మరొకరికి పోయింది; ఆమెను వెనకగదిలో పిండి కలపడానికి పెట్టారు. అత్తగారి మాట భర్తకు చెబితే, "అమ్మకు మతిమరుపు" అన్నాడు. ఆపైన యమీనా ఎవరికీ చెప్పలేదు. కడుపులో పెట్టుకుని ఏళ్ల తరబడి కాచుకుంది.

లూయిజాకు హజ్ పిలుపు వచ్చింది. బయలుదేరేముందు, అన్యాయం చేసినవారి ముందు నిలిచి మన్నింపు అడగాలి. అది దొరకకుండా వెళితే యాత్ర మనసుకు పట్టదు. వీడ్కోలు టీకి గదినిండా ఆడవాళ్లు చేరారు. తెల్లబట్టల్లో లూయిజా ఒక్కొక్కరినీ కావలించుకుంటూ యమీనా ముందుకు వచ్చింది.

"తెలిసో తెలియకో నిన్ను నొప్పించి ఉంటే మన్నించవే."

"తెలియక చేసినవన్నీ మన్నించా వదినా. తెలిసి చేసిందేంటో చెప్పు."

ఎవరో కిసుక్కుమన్నారు. పక్కింటి ముసలామె హద్దా యమీనా చేయి పట్టుకుంది. "పోనీవే, మంచిగా సాగనంపు."

"అందుకేగా వచ్చా పెద్దమ్మా. వదిన అంత బరువుతో విమానమెక్కడం ఎందుకని అడుగుతున్నా."

"ఇంతమందిలో ఏం చెప్పమంటావే?"

"నేను కార్డు పారేసుకున్నానని ఇంతమందిలోనేగా చెప్పావు!"

లూయిజా పక్కమనిషి దగ్గరకు జరిగిపోవచ్చు. జరగలేకపోయింది.

"నేనే తీశా. అమ్మ రొట్టెల పొయ్యిలో పడేశా. అమ్మ ఒక్కతే ఉంటే నాకు నిద్ర పట్టేది కాదే. ఎవరో ఒకరు ఉండాలిగా!"

తల్లి మీద ఆమె బెంగ అబద్ధం కాదని యమీనా ఎరుగును. ఆ బెంగ తీర్చుకోవడానికి ఆమె వాడుకున్నది యమీనా బతుకును.

"అడిగి ఉంటే ఉండేదాన్నేమో వదినా."

"చెప్పేసింది గదే, ఇక మన్నించు" అంది హద్దా, కళ్లొత్తుకుంటూ. లూయిజా చేతులు చాచింది.

"విన్నాను. మన్నించను." యమీనా లేచి కోటు వేసుకుంది. "క్షేమంగా వెళ్లిరా."

మన్నించమని మతం ప్రోత్సహిస్తుంది, బలవంతపెట్టదు. ఆ హక్కు నష్టపోయినవారిదే. ఆమె దాన్ని పూర్తిగా వాడుకుంది.

మక్కా నుంచి లూయిజా ఏడుస్తూ ఫోన్ చేసినప్పుడల్లా అల్లాల్ దాన్ని భార్య ముందుకు చాచేవాడు. "మన్నించానని ఒక్క మాట అనవే, నీ సొమ్మేం పోయింది?"

"అక్కడ నాకంటే పెద్దవాడున్నాడుగా, ఆయన్నే అడగమను" అని యమీనా పనికి వెళ్లిపోయేది.