నా ధ్యానానికి పూలదండలు

రెండువేల ఇరవై నాలుగు, కార్తీకంల చలి అప్పుడప్పుడే మొదలైంది. ఆ చలిల నేను నా సావు ఏడుపును నా చెవులతోనే ఇన్న! నవ్వకున్రి, ఉన్నదే చెప్తున్న.

ఎడమ కన్ను ముందే మసక, ఇంక నా కుడి కంట్ల కూడ పొర వచ్చింది. నాందేడ్ల డాక్టర్ బీపీ చూసి తలకాయ అడ్డంగ ఊపిండు. "కాకా, ఇంత బీపీ ఉంటే కన్ను ముట్టను. సోమవారం రాన్రి. తగ్గితేనే ఆపరేషన్" అన్నడు. రాత్రిబడిల కష్టపడి నేర్చుకున్న అక్షరాలు నావి. పొద్దున పేపర్ సదవకుంటే నాకు చాయ్ కూడ దిగదు. ఆ కన్ను నాకు కావాలె.

మా కోడలు మహానంద ఉపాయం చెప్పింది. "మామా, ధ్యానం చెయ్యున్రి. కండ్లు మూసుకొని శ్వాసను చూడున్రి. ఏ చప్పుడైనా రానియ్యున్రి, పోనియ్యున్రి. నడుమ కండ్లు మాత్రం తెరవొద్దు. అయినా మీతోని అయితదా?"

"నాతోని ఎందుకు కాదు? చూస్కో!"

ఆదివారం తానం చేసి, నుదురు నిండ విభూతి పెట్టుకొని, తెల్లధోతి కట్టుకొని అరుగు మీద గోడకు ఆనుకొని బాసింపట్ల కూసున్న. కునుకు వచ్చి తలకాయ ముంగటికి వాలుతున్నది. నాకు పంతం! తువ్వాల నుదురుకు చుట్టి కిటికీ కడ్డీకి కట్టేసుకున్న. ఇంక ఎట్ల వాలుతది? కోడలు పక్కకు ఊదుబత్తి ముట్టిచ్చి, జొన్నలు పట్టియ్యనీకి గిర్నికి పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. మేం లింగాయతులం. మా దిక్కు మనిషి పోతే పండబెట్టరు. విభూతి పెట్టి, తెల్లబట్ట కట్టి, బాసింపట్ల గోడకు కూసోబెట్టి, తల వాలకుండ బట్టతోని కడతరు. ఊదుబత్తి కూడ పెడతరు. ఇదంత నాకు ఆ టైంల యాదికి రావాలె గదా? రాలే!

గేటు చప్పుడైంది. రానియ్యి, పోనియ్యి. "ఓ అన్నో!" అని ఒక్క కేక. ఎవలి అన్ననో పోయిండు పాపం, అనుకున్న. రానియ్యి, పోనియ్యి. ఆ కేక వచ్చి నా మోకాళ్ల మీద పడ్డది!

మా చెల్లె నాగవ్వ. ఆపరేషన్ ముంగట నన్ను చూసిపోదామని దెగ్లూర్ బస్సు దిగి వచ్చింది.

కండ్లు తెరుద్దామనుకున్న. కానీ కోడలు ఏమంటది? "చెప్పిన గదా మామా!" అంటది. తెరవలే. అంతల పక్కింటి బస్వప్ప ఉరికొచ్చి నా ముక్కు కింద ఏలు పెట్టిండు. నేనప్పుడే శ్వాస పట్టి ఉన్న! "అరే బాప్ రే, కాశన్న పోయిండు!" అని ఫోన్ తీసి ఊరంత ఖబర్ చేసుడు మొదలుపెట్టిండు. "గుంత తవ్వనీకి ఎవలన్న ఉన్నరా?" అని కూడ అడుగుతున్నడు!

నా ఒళ్లు చల్లబడ్డది. అయినా పట్టు ఇడువలే. నాగవ్వ రాగం అందుకున్నది.

"ఎవ్వలి మాట ఇనకపోతివి అన్నో! పంచమి పండుగకు చెల్లెను పిలువకపోతివి అన్నో!"

అది మాత్రం నేను ఓర్చుకోలే. కండ్లు తెరిచి, "పిలిచిన! నువ్వే రాలే!" అని ఒర్రిన.

బస్వప్ప ఫోన్‌తో సహా అరుగు మీదికెల్లి కింద పడ్డడు. జమైన ఆడోళ్లు గేటు అవతల తేలిండ్రు. నాగవ్వ మాత్రం కండ్లు తుడుసుకొని, "ఫోన్ల పిలిస్తే పిలుసుడా? ఇంటికొచ్చి పిలువనీకి కాళ్లు లేవా నీకు?" అన్నది.

"నా కన్ను కనిపిస్తలేదే!"

"నోరు మంచిగనే ఉంది గదా!"

పొద్దు మునిగేదాక ఇదే పంచాయితీ. నడుమ నడుమ దండలు పట్టుకొని సుట్టాలు దిగుతనే ఉన్నరు. నన్ను చూసి ఉలిక్కిపడుడు, దండ ఎనుకకు దాసుడు, చాయ్ తాగుడు! ఒక ముసలాయన అయితే, "ఇంత దూరం వస్తిమి గదా కాశన్నా" అని నారాజైండు. నేనేం చెయ్యాలె, మళ్ల కండ్లు మూసుకోవాల్నా?

సోమవారం డాక్టర్ బీపీ చూసిండు. మిషన్ ఖరాబైందనుకొని ఇంకో మిషన్ తెప్పిచ్చి మళ్ల చూసిండు.

"కాకా, ఈ వారం ఏం చేసిండ్రు?"

"మనసు శాంతం చేసుకున్న" అన్న.

ఆపరేషన్ ఎండకాలానికి పోయింది. ఆ చలికాలమంత పేపర్ కోడలు సదివితే ఇన్న.