మా షోకేసులో ధరణికోట రాయి

ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ధరణికోట పాఠం వచ్చినప్పుడల్లా నా గొంతు పెరిగేది. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడే, ఈ కృష్ణ ఒడ్డునే శాతవాహనుల రాజధాని ఉండేదనీ, సముద్రం మీంచి వచ్చిన సరుకు పడవల్లో కోట దాకా చేరేదనీ, రాజులు పోయాక కూడా శతాబ్దాలపాటు దూరదేశాల యాత్రికులు ఇక్కడి మహాస్తూపం చూడటానికి వచ్చేవారనీ చెప్పేదాన్ని. తర్వాత స్తూపం మట్టిదిబ్బయింది. దాని పాలరాయి పలకల్ని సున్నానికి కాల్చినవాళ్ళు కొందరు, గోడలకు వాడుకున్నవాళ్ళు కొందరు. మిగిలినవాటిలో మంచివి ఓడెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడికొచ్చేసరికి నాకు కోపం వచ్చేది. మనది మనకు కాకుండా చేశారు అనేదాన్ని.

అలా కోప్పడిన ఏళ్ళలో పన్నెండేళ్ళు ధరణికోట రాయి ఒకటి మా ఇంట్లో, టీవీ పక్కన షోకేసులో ఉంది.

అది నా చేతికొచ్చినప్పుడు గుంటూరు దగ్గరి స్కూల్లో పనిచేసేదాన్ని. తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో ధరణికోట తీసుకెళ్ళాను. పాత కోటగోడ మట్టికట్ట చూపించి వస్తుంటే పిల్లలకు దాహమేసింది. పక్కనే మిరపకాయలు ఆరబోసిన కళ్ళం ఉంది. ఆ ఘాటుకు పిల్లలంతా ఒకటే తుమ్ములు. కళ్ళంలో ఉన్న సాయిబుగారు నవ్వి, అందరినీ నీడకు పిలిచి, బిందెతో నీళ్ళు పెట్టించాడు. ఆయనకు అప్పుడు యాభై ఏళ్ళుంటాయి. మూడెకరాల మిరపచేను సొంతం.

నేను చరిత్ర పంతులమ్మనని తెలిశాక ఆయన ఇంట్లోకెళ్ళి, తువ్వాలులో చుట్టిన రాయి తెచ్చాడు. చేలో బోరు కోసం గుంట తీస్తుంటే దొరికిందట. రెండు అరచేతులంత ఉంటుంది. మీద సగం తామరపువ్వు, దాని పక్కన తలపాగా చుట్టుకున్న మనిషి ముఖం. ముక్కు కొస కొంచెం విరిగింది. ఇది ఏనాటిదో, దీన్ని మ్యూజియంలో ఎందుకు పెట్టాలో పిల్లల ముందే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"మా ఊరి పేరు రాస్తారా అండీ దాని కింద?" అన్నాడు.

రాస్తారని చెప్పాను. నేనే అప్పగిస్తానన్నాను. ఆయన తువ్వాలుతో సహా నా చేతిలో పెట్టాడు.

అప్పగిద్దామనే తెచ్చాను. ఆ వారం పరీక్షలు. తర్వాత వేసవి సెలవులు. చుట్టాలొచ్చి చూసి, ఇంత పాతది మీ ఇంట్లో ఉందా అని ఆశ్చర్యపోతుంటే నాకు బాగుండేది. షోకేసులో బొమ్మలు తీసేసి దానికి చోటు చేశాను. పర్చూరు వైపు బదిలీ అయితే పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని మరీ తీసుకెళ్ళాను. ఇవ్వకూడదని ఏ రోజూ అనుకోలేదు. ఇవ్వలేదు, అంతే.

కొత్త రాజధానికి అమరావతి పేరు పెట్టాక పాత రాజధాని గురించి చెప్పమని నన్ను పిలవడం మొదలైంది. అలా ఒకసారి ధరణికోట పక్క ఊరి స్కూలుకే వెళ్ళాను. లండన్ వెళ్ళిన రాళ్ళ గురించి ఎప్పటిలాగే కోపంగా చెప్పాను. భోజనాల దగ్గర, వంట చేసే ఆవిడ నాకు పప్పు వడ్డిస్తూ ఆగింది. నన్ను గుర్తుపట్టానంది. తను ఆ సాయిబుగారి భార్యనని చెప్పింది.

"మేడంగారూ, మా రాయి ఏ గదిలో ఉందండీ? మేం రెండుసార్లు వెళ్ళాం. అద్దాల పెట్టెలన్నీ చూశాం. కనపళ్ళేదు."

చుట్టూ టీచర్లున్నారు. అన్నం కలుపుతూనే, విలువైనవి లోపల భద్రంగా దాస్తారమ్మా అన్నాను. ఆవిడ ముఖం విచ్చుకుంది. వాళ్ళాయనా అదే అన్నాడట. ఇంకాస్త పప్పు వేసింది.

రాయి ఇవ్వకపోవడం బద్ధకమని సర్దిచెప్పుకోవచ్చేమో. ఈ అబద్ధానికి ఏ పేరూ దొరకలేదు. పది రోజులు షోకేసు వైపు చూడలేకపోయాను. ఆ ఆదివారం రాయి సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన, ఆయన భార్య గుమ్మంలో కూర్చుని మిరప తొడిమలు తీస్తున్నారు. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. రాయి బయటికి తీసి జరిగింది జరిగినట్టు చెప్పాను. స్కూల్లో ఆవిడతో ఆడిన అబద్ధం కూడా చెప్పాను. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన రాయి మీద వేలు పెట్టి ఆ విరిగిన ముక్కు తడిమాడు.

"మా బావమరిది వాళ్ళని వెంటబెట్టుకుని పోయానండీ మ్యూజియానికి, మన రాయి చూపిస్తా రండి అని. లేదు. అప్పట్నుంచీ నేనేం చెప్పినా నవ్వుతారు. సాయిబు రాయి లాంటి మాట అంటారు ఊళ్ళో."

క్షమించమన్నాను.  ఆ మాట బావమరిది వాళ్ళకి కూడా చెప్తారా అని ఆయన అడిగాడు.

మసీదు పక్కన టీకొట్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ బావమరిదీ ఇంకో నలుగురూ ఉన్నారు. రాయి బల్ల మీద పెట్టి, ఈయన నాకిచ్చాడు, నేను మా ఇంట్లో ఉంచుకున్నాను అని చెప్పాను.  ఒకాయనకు అసలు ఆ సంగతే గుర్తు లేదు. బావమరిది మాత్రం రాయి తిప్పి తిప్పి చూసి, "చదువుకున్నోళ్ళు మీరే ఇట్టా చేస్తే ఎట్టాగండీ?" అన్నాడు.

మర్నాడు ఇద్దరం మ్యూజియానికి వెళ్ళాం. అక్కడి అధికారి, రాయి దొరికింది ఎక్కడ, ఎంత లోతులో, పక్కన ఇంకేమైనా కనిపించాయా అని అడిగాడు. దొరికిన కొత్తలో చెబితే తవ్వి చూడ్డానికి వీలుండేదట. ఇప్పుడు అక్కడ నేల చదును చేసి సిమెంటు కళ్ళం పోశారు. నిలువు లోతని, పక్కన ఎర్రటి ఇటుకలు వరసగా కనిపించాయని సాయిబుగారు చెప్పాడు. ఇటుకల మాట ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళూ ఎక్కడుందని అధికారి అడిగితే మా ఇంట్లో అన్నాను. అలాగే రాసుకున్నాడు. ఇచ్చినవారి పేరు దగ్గర సాయిబుగారి పేరు, ఊరి పేరు రాయించాను.

తిరుగు బస్సులో ఆయన దిగే ముందు అన్నాడు:

"ఎప్పుడన్నా పిల్లల్ని తీసుకొస్తే మా కళ్ళానికి రండి. నీళ్ళు తాగి వెళ్దురుగాని. ఇంకేం దొరికినా మాత్రం మీకివ్వనండీ."

సరే అన్నాను. రాయిని ఇంకా జనానికి చూపించే గదిలో పెట్టలేదట. ఆయన రెండు నెలలకోసారి వెళ్ళి అడిగి వస్తున్నాడు. నేను మళ్ళీ వెళ్ళలేదు.