బోర్డు మీద పర్వీన్ పేరు

ఈరోజు పొద్దున తాడేపల్లిగూడెంలో నా మూడో తరగతి గదికి ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. బోర్డు మూల నాలుగు పేర్లు, పక్కన ఇంటూ మార్కులు. రాయమని నేనెవరికీ చెప్పలేదు. ఇది పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదేమో...

మా చిన్నప్పుడు... ఏలూరు కాన్వెంటులో నాలుగో తరగతికి నేనే లీడర్‌ని. తెలివైనదాన్నని కాదు, మాట్లాడనని. మిస్ బయటికి వెళ్తూ నా చేతికి సుద్దముక్క ఇచ్చేవారు. మాట్లాడినవాళ్ళ పేరు రాయాలి. మళ్ళీ మాట్లాడితే పక్కన ఇంటూ. ఒక్కో ఇంటూకి ఒక్కో దెబ్బ.

ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడే నేను, నోరు విప్పకుండా నలభైమందిని కూర్చోబెట్టగలిగేదాన్ని. అది నాకెంత ఇష్టంగా ఉండేదో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పర్వీన్ నా పక్కన కూర్చునేది. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారు. తను ఆ ఏడే మా స్కూల్లో చేరింది. క్లాసంతటిలో నాతో కబుర్లు చెప్పేది తనొక్కతే.

ఆ రోజు మిస్‌ని సిస్టర్ పిలిచారు. "నేనొచ్చేదాకా ఎవరూ కదలకూడదు" అని చెప్పి వెళ్ళారు. కాసేపటికి పర్వీన్ లేచింది.

"ఒసేయ్, ఒక్కసారి ఒంటికెళ్ళొస్తానే."

మాట్లాడింది కాబట్టి పేరు రాశాను.

"నిజంగానే... అర్జెంటే బాబూ."

ఇంటూ పెట్టాను.

ఆ తర్వాత మాటల్లేవు. చిటికెన వేలు చూపించింది. దానికీ ఇంటూ పెట్టాను.

తనకి ఆగడం లేదని నాకు తెలుసు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తనని పంపిస్తే మిగతావాళ్ళూ లేస్తారు... మిస్ చూస్తే నన్ను లీడర్‌గా తీసేస్తారు... నేను ఆలోచించింది అదే.

మిస్ వచ్చేసరికి బల్ల కింద తడి.

"ఇంత పిల్లవి, అడగడానికేమైంది?"

"అడిగానండీ మిస్." పర్వీన్ వేలు నా వైపు చూపించింది.

"అడిగిందా?" మిస్ నన్ను చూశారు.

నేను తల అడ్డంగా ఊపాను.

మిస్ నమ్మారు. బోర్డు మీద ఆ రెండు ఇంటూలు చూసి, "కబుర్లకైతే నోరు లేస్తుంది" అన్నారు పర్వీన్‌తో.  ఆయా వచ్చి తనని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

మర్నాడు తను రాదనుకున్నాను. రాకపోతే బాగుండుననుకున్నాను. బెల్లు కొట్టకముందే వచ్చేసింది... ఉతికి ఇస్త్రీ చేసిన అదే యూనిఫాంతో.

వెనక బెంచీలోంచి ఒకడు అరిచాడు. "ఒరేయ్, కొల్లేరొచ్చిందిరోయ్! పడవ తియ్యండి!"

క్లాసంతా నవ్వు. పర్వీన్ సంచి బల్ల మీద పెట్టి, నింపాదిగా వాడి వైపు తిరిగింది.

"ఎక్కు నాన్నా, ఎక్కు. నీలాంటి కొంగలకి టిక్కెట్టు లేదులే."

ఈసారి అందరూ వాణ్ణి చూసి నవ్వారు. వారం తిరక్కుండా ఆ పేరు పోయింది.

ఆ నవ్వుల్లోనే కూర్చుంటూ తను నా వైపు చూసింది. "లీడరుగారూ, మీరెక్కరా అండీ?"

ముందురోజుదాకా నన్ను ఒసేయ్ అనేది.

సారీ చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ రోజే కాదు... ఆ ఏడాదిలో ఏ రోజూ చెప్పలేదు. ఆ వేసవిలో వాళ్ళు ఊరు మారిపోయారు.

పర్వీన్ గట్టి పిల్ల అని అందరూ అన్నారు. మిస్ కూడా అన్నారు. పక్కన కూర్చునేదాన్ని కాబట్టి ఇంకో సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆ తర్వాత తను స్కూల్లో నీళ్ళు తాగడం మానేసింది. బాటిల్ నిండుగా తెచ్చేది, నిండుగానే తీసుకెళ్ళేది... ఒంటిపూట బడుల ఎండల్లో కూడా.

ఆ ఏడాది యానివర్సరీలో గుడ్ కాండక్ట్ మెడల్ నాకిచ్చారు. అమ్మ దాన్ని ముందుగదిలో చిలక్కొయ్యకి తగిలించింది, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా. నేను ఆ గదిలో కూర్చుని చదువుకోవడం మానేశాను.

ఇప్పుడు రోజులు మారాయి. మా స్కూల్లో దెబ్బల్లేవు. పిల్లలకి మంచి నడవడిక, దేన్నైనా తట్టుకునే ధైర్యం నేర్పడానికి శుక్రవారం ఒక పీరియడ్ కూడా పెట్టారు. మూడో తరగతికి ఆ పీరియడ్ చెప్పేది నేనే. గట్టిగా కనబడే పిల్లల దగ్గర ఇంకో నిమిషం ఆగి చూడడం తప్ప, నాకు చేతనైంది పెద్దగా ఏమీ లేదు...

మన పేరు ఎవరు రాశారో అందరికీ గుర్తుంటుంది. మీరు ఎవరి పేరు రాశారో వీలైతే చెప్పండి... అన్నీ చదువుతాను.

ఆ రోజు మిస్ అటు వెళ్ళగానే, ముందు నేను ఒంటికి వెళ్ళొచ్చాను. లీడర్‌ని కాబట్టి ఎవరినీ అడగలేదు.